పొయ్యి రాజిన ఇల్లు

కబ్జా అంటె ఏందో నాకు చెప్పకుండ్రి. చదువుకున్నోల్లు కుర్చీల కూసొని మస్తు చెప్తరు. కబ్జా అంటె భూమి మీద మనిషి ఉండుడు, అంతే గద? మరి ఆ మనిషిని పోలీసోడు రెక్కవట్టి గుంజుకపోయి ముండ్లకంప నడుమ ఏస్తె, భూమి మీద మనిషి ఎట్లుంటడు? గీ ముచ్చట నేను ఆనాడు అడిగిన, ఈనాడు గూడ అడుగుత. జవాబు చెప్పేటోడు ఇంకా పుట్టలే.

మాది మానుకోట తాలూకల అడివంచుకు మోదుగులగూడెం. ఇప్పుడందరు మహబూబాబాద్ అంటున్నరు గాని మాకు మానుకోటనే. నేను పుట్టింది మొగుళ్లపల్లిల. లగ్గమైనంక బండి మీద ఎత్తుకొచ్చి ఈడ పడేసిండ్రు. "మైసమ్మా, నీది మొగుళ్లపల్లి నోరే, దానికి తాళం దొరకదు" అని మా అత్త రోజుకొక్కసారన్న దెప్పేది. ఆమె పేరు బుచ్చమ్మ. ఆమె కొడుకే నా పెనిమిటి. ఆయన పేరు నేను చెప్ప. మా అత్త పిలిచినప్పుడు వినుండ్రి.

గూడెం అంటె పది ఇండ్లు. ఎవ్వల చెలకల వాల్ల ఇల్లు. వాగు దాటితె మాది నాలుగెకరాల చెలక, దాని నడుమ మట్టిగోడల గుడిసె. ఆ జాగ ఒకప్పుడు మొత్తం మోదుగు తుప్పలేనట. మా మామ మొద్దులు పెకిలించి, రాళ్లు ఏరి, చెలక చేసిండు. చేతులు పుండ్లయినయట. పట్టా మాత్రం దొర పేరు మీదనే. ఏటేటా దొర గడికి ధాన్యం కొలిచి పోసుడు, మిగిలింది తినుడు. కౌలు అంటరు దాన్ని. రశీదు ఇస్తరా అంటె, గడి ముందట నిలవడి రశీదు అడిగే మొగోడు ఎవ్వడున్నడు ఆ దినాలల్ల? మామ పోయినంక గూడ అత్త కౌలు ఇడువలే. నాగలి కొడుకుతోని పట్టించి, వెనకంగ ఇత్తనం తనే సల్లేది.

ఎర్రజెండ సంగం దినాలల్ల దొర గడి ఇడిసి పట్నం ఉరికిండు. సంగపోల్లు వచ్చి, "అవ్వా, ఈ భూమి ఇగ నీదే, దున్నుకో" అన్నరు. మా అత్త ఊకుంటదా? "నాదే అని మీరు చెప్పుడేందయ్యా, మొద్దులు పెకిలించింది మా ఇంటాయన గాదా" అన్నది. వాల్లు పక్కున నవ్విండ్రు. బువ్వ పెట్టమంటె పెట్టింది. ఇంటి ముందట నిలవడి బుక్కెడు బువ్వ అడిగినోన్ని పొమ్మంటరా ఎవ్వలన్న?

పోలీసు యాక్షన్ అయింది, రజాకార్ల పీడ పోయింది. అబ్బ, ఎంత సంబురపడ్డమో! ఆ సంబురం ఎన్నాళ్లు నిలవలే. పోలీసు జీపుల వెనకాలనే దొర గూడ దిగిండు, నెత్తి మీద తెల్లటోపి పెట్టుకొని. టోపి కొత్తది, కింద తలకాయ పాతదే. సంగపోల్లు అడివిలకు పోయిండ్రు. వాల్లకు గూడేలోల్లు బువ్వ మోస్తున్నరు, గూడేలు ఎత్తేస్తె వాల్లు ఆకలికి మాడి బయటికొస్తరు అని సర్కారోల్లకు తెలివి పుట్టింది. ఒక పొద్దుగాల పోలీసోల్లు వచ్చి మమ్ములను గొడ్లను తోలినట్టు తోలిండ్రు. నెత్తికి ఎత్తుకున్నంత ఎత్తుకున్నం, మిగిలింది ఇండ్లల్లనే ఇడిసినం.

సడక్ పక్కన పెద్దూరు అంచుకు తెచ్చి ఏసిండ్రు. సుట్టు ముండ్లకంప, ఒక్కటే దర్వాజ, దర్వాజ కాడ తుపాకి. దానికి క్యాంపు అని పేరు. మా పక్క పాకల సేవ్యా అని లంబాడాయన ఉండె, ఆయన తండాను గూడ మా లెక్కనే ఎత్తుకొచ్చిండ్రు. పొద్దు పొడిసినంక బయటికి పోవచ్చు, పొద్దు గూకకముందు రావాలె. వాగు మాత్రం దాటరాదు. కొంగుల రొట్టెముక్క దొరికినా "ఎవ్వనికే గిది?" అని అడిగేటోల్లు. మా చెలక వాగుకు అవతల. ఈ ఒడ్డు నుంచి చూస్తె ఇంటి కప్పు కనవడేది. మా అత్త కట్టెలకని పోయి, ఆడ కూసొని దాన్నే చూసుకుంట ఉండేది.

గప్పుడే డప్పు సాటింపు అయింది. కొత్త చట్టం వచ్చిందట. ఆరేండ్ల సంది కౌలు చేస్తున్నోల్లకు, భూమి మీద కబ్జా ఉన్నోల్లకు, సర్కారు సర్టిఫికెట్ ఇస్తదట. ఆ కాయితం చేతిల ఉంటె దొర గాదు, దొర తాత వచ్చినా ఎల్లగొట్టరాదట. క్యాంపుల ఒక్కొక్కరు ఒక్కో తీరుగ అయిండ్రు. కొందరు నవ్విండ్రు, కొందరు తిట్టిండ్రు. మా అత్త మాత్రం ఆ రాత్రి జొన్నగటక తాగలే. "మైసా, మీ మామ పేరు నిలవడ్తదే" అన్నది. ఆమె నన్ను మైసా అని పిలిచినదంటె మనసు చల్లగున్నట్టు.

తెల్లారి పట్వారి కాడికి పోయినం. ఆయన బుక్కు తిరగేసి, "బుచ్చమ్మా? గా పేరు నా బుక్కుల ఎక్కడ లేదే. ఆ నంబరు దొర సొంతంగ సాగు చేసుకుంటున్నట్టు ఉన్నది" అన్నడు. దొర సొంతంగ సాగు! దొర ఎన్నడన్న చెలకల కాలు పెట్టిండా? పెడ్తె పల్లేరు ముల్లు ఇరిగి ఏడుసుకుంట పోయేటోడు. నేను ఆ మాట అనే అన్న. పట్వారి నవ్వి, "నోరు మంచిదైతె ఊరు మంచిది, పిల్లా" అన్నడు.

ఇగ మిగిలింది గిర్దావరు. ఆయన పేరు జలీల్ సాబ్. మోకా మీదికి, అంటె ఆ జాగకే పోయి, ఏ భూమిల ఎవ్వలున్నరో కండ్లతోని చూసి రాసే కొలువు ఆయనది. గుర్రం మీద వస్తడు, సన్నటి మనిషి, ఎప్పుడు దగ్గు. చెడ్డోడు మాత్రం కాదు. మా అత్త చెప్పిందంత నిలవడి విన్నడు.

"చూడమ్మా, పట్వారి బుక్కు మార్చే తాకత్ నాకు లేదు. కాని మోకా మీద కండ్ల పడ్డది నేను రాస్త, దాన్ని ఎవ్వలు కొట్టెయ్యలేరు. ఇల్లు నడుస్తున్నది, మనుషులు ఉంటున్నరు అని కనవడితె కబ్జా అని రాస్త. పాడువడ్డ కొంప కనవడితె నేనేం రాయాలె?"

"సాబ్, మమ్ములను పోలీసోల్లే ఎత్తుకొచ్చిండ్రని రాయరాదు?" అన్న నేను.

ఆయన కాయితాల కట్ట ఇప్పి చూపిచ్చిండు. "ఉంటున్నరా, లేరా — రెండే ఖానాలున్నయమ్మా నా కాయితంల. ఎత్తుకొచ్చిండ్రు అనే ఖానా లేదు."

"ఎప్పుడొస్తరు సాబ్?" అని అడిగింది అత్త.

"ఈ వారమో, పైవారమో. నాకు మస్తు ఊర్లున్నయ్. ఏ దినం ఏ ఊరో నాకే ఎర్కలేదు."

ఇగ చూడుండ్రి. పాడువడ్డ కొంప అంటె సర్కారోల్లకు ఏం లెక్కనో నాకు తెల్వదు గాని, మా దిక్కు ఒక్కటే లెక్క. పొయ్యి రాజని ఇల్లు పాడువడ్డ ఇల్లు. గోడ కూలనియ్, కప్పు కారనియ్, పొయ్యి రాజితె అది ఇల్లే. మా అత్తకు ఇంకొకలు చెప్పాల్నా? మరునాడు గంప పట్టుకొని, ఇప్పపువ్వు ఏరుకొస్తనని తుపాకోనికి చెప్పి బయటపడ్డది. ఇప్పచెట్లు వాగొడ్డుకే ఉన్నయ్. పోలీసోడు ఏమనలే. అట్నుంచి అటు వాగు దాటి ఇల్లు చేరింది.

వాకిలి ఊడ్చి, సానుపు సల్లి, ముగ్గేసిందట. ఇంట్లకు పోయి పొయ్యి రాజేసిందట. గంత చేసి ఊకుంటె అయిపోవు. కాని ఒట్టి పొయ్యి రాజెయ్యరాదు గద, పొయ్యి మీద ఏది ఎక్కియ్యకుండ మంట పెడ్తె ఇంటికి అరిష్టం. మమ్ములను ఎల్లగొట్టిన నాడు మూలకు బొంద తీసి ఒక కుండెడు జొన్ననూకలు దాసి వచ్చింది. అండ్లనుంచి గుప్పెడు తీసి గటక గెలికిందట. కుండ ఖాలి చేస్తె గూడ అరిష్టమేనాయె. అడుగున మిగలాలె. క్యాంపుకు తెద్దామంటె దర్వాజ కాడ "ఎక్కడ వండినవే" అంటడు. తను రెండు బుక్కలు తిని, ఇంటి కాడ ఇడిసొచ్చిన కుక్కకు జర పెట్టి, మిగిలిన గటక మూతపెట్టి పొయ్యి మీదనే ఉంచి వచ్చింది. రోజు ఇదే కథ. గిర్దావరు ఏ దినం వస్తడో తెల్వది గద!

నేను నెత్తి నోరు కొట్టుకున్న. అప్పటికి నేను పచ్చిబాలెంతను, పక్కల పసిగుడ్డు. పండుకున్న కాడికెల్లే లొల్లి పెట్టుకున్న.

"అత్తా, పొగ లేస్తదే! గుట్ట మీద పోలీసోల్లు కండ్లు పెట్టుకొని కూసున్నరు. వాల్లు చూస్తె?"

"లేవనియ్. పొగ లేస్తెనే గద గిర్దావరు చూసేది!"

"గిర్దావరు చూసే పొగ వేరె, పోలీసోడు చూసే పొగ వేరె లేస్తదా?"

"నీకు బాలెంత నొప్పులకు నోరు తిరుగుతున్నది, పండుకో" అన్నది. ఏం మాట్లాడుతం? అత్తతోని గెలిచిన కోడలు ఏ ఊర్ల ఉన్నది? నా పెనిమిటి మాత్రం మా ఇద్దరి నడుమ పడక, పాక బయట కూసొని తాడు పేనుకుంట ఉండేటోడు. అయినా నిజం చెప్పాలె. ఆమె వాగు దాటొచ్చిన పూట మొకం కడిగిన బిందె లెక్క మెరిసేది. "ముగ్గు మీద ఉడుత తొక్కిందే" అనో, "సొరపాదు ఎండలే" అనో చెప్తుంటె నాకు గూడ ఇంటి మీద పాణం కొట్టుకునేది. ఇగ తిట్టబుద్ధి కాకపోయేది.

గిట్ల నడుస్తుంటె అత్తకు చలిజరం తగిలింది. బొంతలన్ని కప్పినా గజగజ వణుకుతున్నది. ఆ పొద్దుగాలనే సేవ్యా వచ్చి, "బుచ్చవ్వా, గిర్దావరు పక్కూర్ల దిగిండు. ఇయ్యాల పొద్దుమాపుకు మీ చెలకల దిక్కు వస్తడట" అన్నడు. మా అత్త లేవబోయి రెండడుగులేసి కూలవడ్డది. మళ్ల లేచింది, మళ్ల పడ్డది. నేను పోదామంటె పసిగుడ్డు రొమ్ము ఇడుస్తలేదు, నాకేమో నిలవడితె కండ్లు తిరుగుతున్నయ్.

"నేను పోత" అన్నడు ఆయన.

మా అత్త కొడుకు మొకం చూసింది. "ఓ భిక్షపతీ, నీకు పొయ్యి రాజేసుడు వస్తదారా?"

"మంట పెట్టుడు ఎవ్వనికి రాదే?"

"మంట గాదురా, పొయ్యి! పచ్చికట్టె పెట్టకు. నీళ్లు మసిలినంక నూక పొయ్యాలె. గెలుకుడు ఆపకు, అడుగంటుతది."

నాకు నవ్వాగలే. అప్పటిదాక ఆయన చెంబుతోని నీళ్లు ముంచుకున్నోడు గాదు. "గటక గెలికే మొగోన్ని చూద్దామంటె నా కండ్లకు యోగం లేకపాయె" అన్న. "వచ్చినంక నీకు తెచ్చి పెడ్త, తిని చెప్పు" అని నవ్వుకుంట పోయిండు. పిల్ల నెత్తి మీద చెయ్యి పెట్టి పోయిండు. గంతే.

పొద్దు నెత్తి మీదికి రాలే, సేవ్యా ఉరుక్కుంట వచ్చిండు. మనిషికి ఊపిరి అందుతలేదు. గుట్ట దిక్కు చెయ్యి చూపిస్తున్నడు గాని మాట వస్తలేదు. మేం బయటికొచ్చి చూస్తె వాగవతల నల్లటి పొగ, పొయ్యి పొగ కాదది. పోలీసోల్లు గుట్ట దిగి ఇల్లు సుట్టుముట్టిండ్రట. ఆయన పొయ్యి ముందట గెలుకుకుంట దొరికిండట. రెక్కలు ఇరిచికట్టి కొట్టుకుంట తీసుకపోయిండ్రట. ఇంటికి అగ్గి పెట్టిండ్రట. మా అత్త జరం గిరం మరిచి ముండ్లకంప దాక ఉరికింది. కంప పట్టుకొని, "నా ఇల్లూ" అనలే. "నా కొడకా" అని ఒర్లింది.

పొద్దుమాపు జలీల్ సాబ్ నిజంగనే మోకా మీదికి వచ్చిండట. బూడిదె చూసి పోయిండట.

తెల్లారి మమ్ములను పెద్దూరి చావిడికి పిలిచిండ్రు. పిల్లను సంకనేసుకొని, అత్తను రెక్కవట్టుకొని పోయిన. ఆడ పోలీసు అమీను కుర్చీల కూసున్నడు. పట్వారి చాప మీద కాయితాలు పరుచుకొని ఉన్నడు. జలీల్ సాబ్ ఒక మూలకు నిలవడి దగ్గుతున్నడు. నా పెనిమిటిని మాత్రం ఆడ పెట్టలే, పక్క బంగ్ల వెనక అర్రల ఏసిండ్రట.

"కుండెడు గటక" అన్నడు అమీను. "ఇంట్ల ఒక్కడే మనిషి. ఎవ్వనికి వండుతున్నడు? అండ్ల మొగోడు వండుడేంది? ఇంట్ల ఆడోల్లకు చేతులు లేవా? అడివిల దళానికి గాకుంటె ఎవ్వనికి?" నా పెనిమిటి అందాజ తెల్వక ఉన్న నూకంత పోసినట్టున్నడు.

"అయ్యా, మాకే" అన్నది అత్త. "పొయ్యి రాజెయ్యాలెనని. ఒట్టి పొయ్యి రాజెయ్యరాదు గద అయ్యా."

అమీనుకు సమజ్ కాలే. ఆయన ఏ దేశపోడో, ఆ ముక్క ఆయనకు ఎవ్వలు చెప్పాలె? "తినేటోల్లు లేకుండ వండుతరా? పిచ్చోన్ని చేస్తున్నవా నన్ను?" అని బల్ల గుద్దిండు. అన్ని ఊర్ల ఆడోల్లను పిలిచి అడుగరాదా, ఒట్టి పొయ్యి రాజేస్తరా అని? ఎవ్వడు అడుగుతడు!

గప్పుడు పట్వారి మెల్లగ మా దిక్కు జరిగిండు. గొంతు తేనె పూసినట్టున్నది. "బుచ్చమ్మా, కొడుకు కావాల్నా లేదా? కావాలంటె తొవ్వ ఉన్నది. క్యాంపుకొచ్చిన నాటి సంది ఆ ఇంటితోని, ఆ భూమితోని మాకు సంబంధం లేదు, మాలో ఎవ్వలు ఆడ ఉంటలేరు, పిల్లగాడు తప్పిపోయిన ఎద్దును లెంకుకుంట పోయి ఆ పొగ చూసి ఇంట్లకు తొంగి చూసిండు — గిట్ల రాసుకొచ్చిన. ఏలుముద్ర ఎయ్యి. అమీను సాబు ఇప్పుడే ఇడుస్తడు. లేదా, ఆడ మేం ఉంటున్నం అంటవా, హుకుం మీరి దళానికి వండినట్టే. కొడుకు జైలుకు పోతడు. అది గూడ దారిల బతికుంటె."

కాయితం ముందుగాలనే రాసి తెచ్చిండు. ఆ సిరా రాత్రే ఆరింది. ఎవ్వల కోసం రాసిండో నాకు ఎర్కనే. నేను లేచిన. "దొంగల దోస్తీ మంచిగ కలిసింది! కొడుకును మీరే పట్టుకొని, భూమి మీరే గుంజుకొని, మళ్ల మేలు చేసినట్టు మాట్లాడుతవా? నీ పిల్లల మీద ఒట్టేసి చెప్పు, ఆ చెలక ఎవ్వలు దున్నిండ్రో!" అని అరిచిన. ఒక పోలీసోడు తుపాకి మడిమతోని నా భుజం మీద దొబ్బిండు. పిల్ల లేచి ఏడ్వబట్టింది. నేను కూలవడ్డ.

మా అత్త జలీల్ సాబు దిక్కు తిరిగింది. చేతులు జోడిచ్చి, "సాబ్, ఈ కాయితం మీద ముద్ర ఏస్తె మీ సర్టిఫికెట్ వస్తదా?" అని అడిగింది.

ఆయన గొంతు సవరించుకున్నడు. "రాదమ్మా. 'ఆడ ఉంటలేము' అని నువ్వే చెప్పినంక నేను కబ్జా ఎట్ల రాయాలె?"

"ఇల్లు కాలింది గద సాబ్. మేం ఉన్నమనే గద కాలబెట్టిండ్రు. అది లెక్కకు రాదా?"

ఆయన దగ్గుకుంట చేతిల కాయితం మడత పెట్టుకున్నడు.

మా అత్త మొకంల ఆశ పుట్టింది, నేను చూసిన. "సాబ్, రెండు కాయితాలు రాయరాదు? అమీను సాబుకు ఒకటి, మేం ఆడ లేమని. మానుకోట తాలూకా కచేరికి ఒకటి, ఆడనే ఉన్నమని. రెంటి మీద ముద్ర ఏస్త. మీరు వాల్లకు చూపియ్యకుండ్రి, వాల్లు మీకు చూపియ్యరు."

చావిడిల నవ్విండ్రు. పట్వారి కండ్లల్ల నీళ్లొచ్చేదాక నవ్విండు. అమీనుకు ఆ మాట సమజైనంక ఆయన గూడ నవ్విండు. జలీల్ సాబ్ మాత్రం నవ్వలే. గోడ దిక్కు తిరిగి, "నాతోని కాదమ్మా" అన్నడు. "నేను కూడ పైవాల్లకు జవాబు రాసి ఇయ్యాల్సినోన్నే. నాతోని ఏం కాదు." గాయన మీద కోపం తెచ్చుకుందామన్నా నాకు రాలే.

గప్పుడు మా అత్త నా దిక్కు చూసింది. ఇంటికొచ్చిన నాటి సంది నన్ను ఏది అడుగనిది, ఉప్పు ఎంత ఎయ్యాల్నో గూడ అడుగనిది, నా పక్కకు కూసొని, "మైసవ్వా, నువ్వు చెప్పు బిడ్డా. ఏం చేద్దాం?" అన్నది.

నేనేం చెప్పాలె? కొడుకా, భూమా అంటె ఎవ్వతి ఏం చెప్తది? అడకత్తెరల పోకచెక్క అయినం. మామ చేతుల పుండ్లు యాదికొచ్చినయ్, నిన్న పొద్దుగాల నవ్వుకుంట పోయినాయన మొకం యాదికొచ్చింది. ఏడ్చిన. గంతే చేతనైంది నాకు. మా అత్త నా వీపు నిమిరి లేచింది. చాప కాడికి పోయి, చెయ్యి చాపింది. పట్వారే ఆమె బొటనవేలు పట్టుకొని సిరాల ముంచి కాయితం మీద ఒత్తిండు. "ఇంకొకటి ఈడ" అన్నడు. ఆడ గూడ ఒత్తిండు. అమీను జవానుకు సైగ చేసిండు.

బంగ్ల ముందట రాళ్ల మీద కూసున్నం. ఎండ నెత్తి పగులగొడుతున్నది. లోపలికెల్లి ఇద్దరు జవాన్లు ఆయనను తీసుకొచ్చి మా ముందట ఇడిసి పోయిండ్రు. అరికాళ్లు ఉబ్బినయ్, కాలు కింద మోపుతలేడు. పెదవి పగిలింది, ఒక కన్ను మూసుకపోయింది. మా అత్త ఆయనను ఒడిల పండబెట్టుకున్నది. నేను పిల్లను పక్కకు పండబెట్టి, కొంగు నీళ్లల్ల ముంచి మొకం తుడిచిన. జర సేపటికి కన్ను తెరిచిండు.

"గిర్దావరు వచ్చిండానే?" అన్నడు.

"వచ్చిండు బిడ్డా."

"నేను మాట తప్పలేనే అమ్మా." ఒక్కో ముక్క గుంజుకొని గుంజుకొని మాట్లాడిండు. "ఆడ ఉంటలేమని ఒక్కసారి అను, ఇప్పుడే ఇడుస్త అన్నడు అమీను. ఎంత కొట్టినా అనలే. మా ఇల్లే, మా పొయ్యే, మేం ఆడనే ఉంటున్నం అన్న. రాత్రంత గిదే అన్న. లేమంటె కాయితం పోతది గద!"

నా చేతులకెల్లి కొంగు జారింది. మా అత్త ఆయన నెత్తి నిమురుతున్న చెయ్యి ఆపి, బొటనవేలు పిడికిట్ల ముడుసుకున్నది.

"ఇచ్చిండ్రా కాయితం?" అన్నడు.

నేను అత్త మొకం చూసిన. ఆమె నా దిక్కు చూడలే.

"ఇచ్చిండ్రు బిడ్డా" అన్నది.

పగిలిన పెదవితోనే నవ్విండు. నెత్తురు కారింది, అయినా నవ్విండు. "మరి ఏడుస్తరేందే ఇద్దరు? ఇల్లు కాలితె కట్టుకోమా?" అన్నడు. చెరో రెక్క పట్టుకొని లేపినం. క్యాంపు దాక తొవ్వ పొడుగూత, మిరుగం కార్తె పడంగనే సేవ్యాను నాగలి అడుగుతనని, వాగు దిక్కు జొన్న, మీది దిక్కు నువ్వులు పెడ్దామని చెప్తనే ఉన్నడు.